నిత్యజీవితములో ఎఱుక

మాఘ ఫాల్గుణములలో వినుకొండకు చేరువనున్న ఈపూరు ప్రాంతమునకు పోయినవారికి మొదట కనబడునవి ఎఱ్ఱని కల్లములు. కోసి తెచ్చిన మిరపకాయలను నేలపై పఱచి ఎండబెట్టుదురు. ఆడవారు తలకు గుడ్డ చుట్టుకొని, వరుసగా కూర్చుండి తాలుకాయలను వేఱు చేయుదురు. మధ్యాహ్నమగుసరికి వ్రేళ్లు భగ్గుమనును. ఆ మంటలో రెండు పాళ్లున్నవి. ఒకటి చేతిది. రెండవది మనసు దానికి చేర్చునది: "ఎన్నాళ్లీ చాకిరి? ఎవరికి పట్టింది నా బాధ?" అని. మొదటిది కొంతసేపటికి చల్లారును. రెండవది రాత్రి నిద్రను కూడ పాడుచేయును. మా నేటి ప్రసంగము ఈ రెండవ మంటను గూర్చి.

అమెరికాలో సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున మార్షా లినెహాన్ అను మనశ్శాస్త్రవేత్త ఈ విషయమున చిరకాలము కృషిచేసిరి. ఉద్వేగము ముంచుకొని వచ్చినపుడు తమకు తామే హాని చేసికొను స్త్రీలకై ఆమె ఒక చికిత్సను రూపొందించి, ఏడాదిపాటు పరీక్షించి, ఫలితములను 1991లో ప్రకటించిరి. మామూలు చికిత్స పొందినవారికంటె వీరిలో అట్టి ప్రయత్నములు తగ్గినవి. ఆ చికిత్సకు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అని పేరు. పేరు పెద్దదే. ఉన్నదున్నట్లు ఒప్పుకొనుట, మార్పునకై పాటుపడుట అను రెండింటిని విడువక పట్టుకొనుటయే దాని భావము. పదునేడేండ్ల వయసున, 1961లో, తానును అట్టి బాధతోనే ఆసుపత్రిలో చేరితినని ఆమె 2011లో బహిరంగముగ చెప్పిరి.

ఎఱుక అను సాధనను ఆమె జెన్ బౌద్ధము నుండి గ్రహించి, మతపు మాటలను తీసివేసి, పాఠముగ మలచిరి. పల్నాటివారికిది క్రొత్త చుట్టము కాదు. క్రీ.శ. 3వ శతాబ్దమున నాగార్జునకొండలో బోధిసిరి అను ఉపాసిక సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహము కట్టించినట్లు శాసనమున్నది. పాలిభాషలో ఈ ఎఱుకకు "సతి" యనియు, సంస్కృతమున "స్మృతి" యనియు పేర్లు. ఆ లోయనిప్పుడు సాగరు జలములు కప్పియున్నవి. ఆ నీరే కుడికాలువ గుండ పల్నాటి చేలకు పారుచున్నది.

లినెహాన్ చెప్పిన పనులు మూడు: గమనించుట, గమనించినదానిని మాటలలో పెట్టుట, చేయు పనిలో లీనమగుట. నడిమిది మాత్రము పట్టుబడుటకు కొంత కాలము పట్టును. గుంటూరు యార్డు నుండి రైతు తిరిగివచ్చినాడనుకొందము. "నా పరువు గంగలో కలిసింది" అన్నచో అది తీర్పు. "క్వింటాలుకు నేననుకొన్న ధర రాలేదు, ఛాతి బిగిసింది, మాట్లాడబుద్ధి కావడం లేదు" అన్నచో అది ఉన్న సంగతి. తీర్పునకు అంతులేదు; ఉన్న సంగతి ఉన్నంతలో నిలుచును. అప్పుడు భార్య "ఎంత పలికిందయ్యా?" అని అడిగినచో, ఆమె మీద విసరు మాటకు బదులుగ ఒక అంకె వచ్చును. తీర్పు వలదనుట అన్యాయమును న్యాయమనుట కాదు. తూకములో తేడా వచ్చినచో ఎన్ని కిలోలు తేడాయో చెప్పి అడుగవలసినదే.

ఒకేసారి ఒకే పని యనునది వినుటకు సులభము. ఒకనాడు మేము ఇంటి చింత మదిలో పెట్టుకొని మైకు ముందు కూర్చుండి, ఒకే వాక్యమును రెండుమార్లు చదివితిమి. ఎఱ్ఱదీపము వెలిగినంతనే మనసు దానంతటదియే కుదురునని అంతవఱకు మాకొక భ్రమ. మనసు ప్రక్కకు పోవుట తప్పు కాదు. పరాయి చేనిలో పడిన దూడను కొట్టక తిట్టక తోలుకొనివచ్చినట్లు దానిని తీసికొనివచ్చుటయే సాధన. పూటకు పదిమార్లు తోలవలసివచ్చినను సరే.

దీనికింత పట్టుదల ఏల యనగా, ప్రత్తియు మిరపయు పండు పల్లెలలో పురుగుమందు చేతికందునంత దూరములోనే యుండును. 1987-88లో తెల్లదోమ సోకి ప్రత్తి నాశమైనపుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఎందఱో రైతులు ప్రాణములు తీసికొనిరి. అట్టి తలంపు పలువురిలో అలవలె లేచి, కొంతసేపటికి దిగిపోవును. ఆ కొంతసేపు గట్టెక్కవలెను. కావున మందును నివాసమునకు దూరముగ తాళము వేసి, తాళపుచెవిని మఱొకరి వద్ద నుంచుట మేలు. అల లేచినపుడు నేలమీది పాదములను, చేతిలోని నీళ్ల చెంబు చల్లదనమును గమనించి, "ఇది తలంపు, ఆజ్ఞ కాదు" అని చెప్పుకొనవచ్చును.

ఊపిరిని గమనించినంత మాత్రమున అప్పులు తీరవు; ఆ మాట మేము దాచము. కౌలురైతునకు కావలసినది ఋణము, గిట్టుబాటు ధర. మఱునాటి ఉదయము బ్యాంకు మెట్లెక్కుటకు మనిషి మిగిలియుండవలెను గదా!

తలంపు వదలనిచో ఒంటరిగ నుండక, ఇంటివారికి చెప్పి, 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేయవచ్చును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ సేవ రాత్రింబవళ్లు, ఉచితముగ, తెలుగులోను లభించును.