ఒక కంట్లో సున్నం



మా గురువుగారి స్టూడియోలో పనికి చేరిన మొదటి రోజున నా చేతికి కెమెరా రాలేదు. బకెట్టు, కుంచె వచ్చాయి. ఉత్తరపు కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి సున్నం కొట్టమన్నారు. నీలిమందు ఎంత కలపాలో ఆయనే దగ్గరుండి చూపించారు. మధ్యాహ్నానికి గోడ ఆరింది. ఒక పెద్దాయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, “ఇప్పుడు ఆ నీడ చెంప చూడరా అబ్బాయ్” అన్నారు. కిటికీ వెలుగు ఒక చెంప మీద పడుతోంది. ఎదుటి గోడ నుంచి తిరిగొచ్చిన వెలుగు రెండో చెంప మీద మెత్తగా పరుచుకుంది. ఆయిల్ పెయింటు వేసిన గోడయితే మెరుపులు పుట్టేవి. సున్నానికి మెరుపు లేదు. తన మీద పడ్డ వెలుగునంతా అన్ని వైపులకీ పంచిపెడుతుంది. తణుకులో రెండు తరాల పెళ్లిచూపుల ఫొటోలు ఆ గోడ ఇచ్చిన వెలుగులో తీసినవే.

ఈ ఉపన్యాసానికి నేను సున్నాన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం ఆ గోడ. రెండో కారణం తర్వాత చెబుతాను. అది కొంచెం బాధాకరం.

ఇంగ్లీషు వాడికి నిమ్మకాయా లైమే, సున్నమూ లైమే. మనకి మాత్రం ఆ రెండూ ఎదురెదురు పక్షాలు. నిమ్మది పులుపు, సున్నానిది క్షారం. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడి దిష్టినీళ్లవుతాయి. ఆ నీళ్లలోనే నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడతాయి. ఈ విరోధం మీదే మా డార్క్‌రూమ్ నడిచేది. బొమ్మని పైకి తెచ్చే డెవలపర్‌ది క్షార గుణం. సున్నంలాగే అదీ వేళ్లకి జిగటగా తగిలేది. బొమ్మ వచ్చాక దాన్ని అక్కడికక్కడే ఆపడానికి ప్రింటుని పులుపు నీళ్లలో ముంచాలి. మామూలుగా వాడేది ఎసిటిక్ ఆమ్లం. అది లేనప్పుడు నిమ్మ ఉప్పు కలిపినా సరిపోతుంది. దసరాకి కెమెరాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు నిమ్మకాయ కోసి పెట్టినప్పుడల్లా నాకు డార్క్‌రూమ్ ట్రేలు గుర్తొచ్చేవి.

నిమ్మ సంగతి ఏలూరు మార్కెట్టుకి వెళ్లినవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. రాశుల పచ్చనీ, బస్తాల గోధుమరంగునీ కలర్ ఫిల్ము వచ్చాక మావాళ్లు ఆశ తీరా తీశారు. సున్నం దగ్గరికి మాత్రం అంతగా ఎవరూ వెళ్లలేదు.

మన ఊళ్లోనే చూడండి. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు స్థాపించిన ఆంధ్రా షుగర్స్ తణుకు పేరుని దేశమంతా తెలిసేలా చేసింది. ఏ చక్కెర మిల్లులోనైనా చెరుకు రసం పంచదార కావాలంటే మధ్యలో సున్నం పడాలి. గానుగ నుంచి దిగిన రసం కొంచెం పుల్లగా, నల్లగా, మురికిగా ఉంటుంది. సున్నపు పాలు పోస్తే పులుపు విరిగి, మడ్డి కిందికి దిగి, పైన తేటరసం మిగులుతుంది. బెల్లం వండేవాళ్లూ చిటికెడు సున్నం వేస్తారు. తాంబూలాన్ని పండించేదీ ఆ చిటికెడే. ఎక్కువైతే నోరు పొక్కుతుంది.

ఇక సున్నం ఇచ్చిన ఇంకో వెలుగు, లైమ్‌లైట్. 1825లో ఐర్లండులో భూమి కొలతలు తీస్తున్న థామస్ డ్రమండ్ అనే ఇంజనీరు ఆక్సిజన్, హైడ్రోజన్ మంటని సున్నపు ముద్ద మీదికి మళ్లించాడు. సున్నం మండదు, కరగదు, తెల్లగా వెలుగుతుంది. 60 మైళ్లకి పైగా దూరంలో ఉన్న కొండ మీదికి ఆ వెలుగు కనిపించింది. 1837లో లండన్‌లోని ఒక నాటకశాల దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. ఆ వెలుగులో నిలబడ్డవాళ్లే జనం కంటికి ఆనేవాళ్లు. పత్రికలవాళ్లు ఇవాళ్టికీ “లైమ్‌లైట్‌లోకి వచ్చారు” అని రాస్తుంటారు. వెలుగు ఇచ్చింది సున్నమేనన్న సంగతి ఆ మాటలో ఇప్పుడు ఎవరికీ వినపడదు.

రెండో కారణం చెబుతానన్నాను కదా. అందుకు కొల్లేటికి వెళ్లాలి.

కొల్లేరు మన ఫొటోగ్రాఫర్లకి పుట్టిల్లు లాంటిది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆటపాక గూడబాతుల్ని తియ్యని కెమెరా ఈ చుట్టుపక్కల లేదు. నేనూ తీశాను. అదే సరస్సు అడుగున నత్తగుల్లలు ఏరి, బొగ్గుతో పాటు బట్టీలో పేర్చి కాల్చి, నీళ్లు చిలకరిస్తే పెళపెళమంటూ గుల్లసున్నం విచ్చుకునేది. అందులో ఒక వింత ఉంది. కాలినప్పుడు గుల్ల వదిలేసిన బొగ్గుపులుసు గాలినే, గోడకెక్కిన సున్నం మళ్లీ గాలిలోంచి పీల్చుకుని రాయిగా మారుతుంది. మా స్టూడియో గోడ మీద నేను కొట్టిన పూత అలాగే గట్టిపడింది. ఆ బట్టీల మీద చేతులు కాల్చుకున్నవాళ్ల ఫొటోలు నా దగ్గర ఒక్కటీ లేవు. ఆ లోటు ఇప్పుడు తీర్చుకోలేను.

బట్టీలు పోయాయి, చేపల చెరువులు వచ్చాయి. చెరువు ఎండగట్టినప్పుడు అడుగున సున్నం చల్లుతారు. నేలలో పులుపు తగ్గుతుంది, రోగక్రిములు చస్తాయి. తలకి తువ్వాలు చుట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, వట్టి చేతులతో చల్లే కూలీలని మీరూ చూసే ఉంటారు. గాలి ఎదురు తిరిగితే ఆ పొడి కళ్లలో పడుతుంది. కాల్చిన సున్నం కంటి తడి తగిలితే మండుతుంది. చూపు పోవచ్చు కూడా.

చాలా ఏళ్ల కిందట ఒక ఉదయం వాళ్లని తీశాను. తెల్లటి పొడి మేఘంలా లేచింది. వెలుగుని కొలిచే మీటరు చూపించిన లెక్కకే నొక్కాను. మన పని తెలిసినవాళ్లకి చిక్కు ఎక్కడుందో అర్థమై ఉంటుంది. మీటరు తెల్లదనాన్ని నమ్మదు, దాన్ని బూడిదరంగుకి దించుతుంది. ఒకటిన్నర స్టాప్ పెంచితేగానీ తెలుపు తెలుపుగా రాదు. నేను పెంచలేదు. పొడిలో ప్రతి రేణువూ అందంగా వచ్చింది. ఆ ప్రింటు మెచ్చుకోని మనిషి లేడు. నెల తర్వాత అదే గట్టు మీదికి పట్టుకెళ్లి చూపించాను. ఒక పెద్దాయన దాన్ని ఎండకి అటూ ఇటూ తిప్పి, “బాబూ, ఇందులో నేనెక్కడున్నానండీ?” అని అడిగాడు. ఆయన మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ ఉంది.

పక్షపాతం చూపేవాళ్లని మనం “ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం” అంటాం. నా కెమెరా చేసింది అదే. వెన్నంతా సున్నానికి పెట్టి, మనిషికి సున్నం పెట్టాను. తప్పు యంత్రానిది కాదు. ఎవరి మొహం మీద లెక్క కట్టాలో నిర్ణయించుకోవలసింది నేను. ఆ రోజు మా గురువుగారు ఆ ప్రింటు చాలాసేపు చూసి, “నీడ చెంపని మర్చిపోయావురా” అని మాత్రం అన్నారు. ఆ తర్వాత నేను తెల్లటి చోట మనుషుల్ని తీసినప్పుడల్లా మొహానికే లెక్క కడుతున్నాను. వెనక సున్నం వెలిసిపోతే పోనీ అంటున్నాను.

ఈ హాల్లో కెమెరా ఉన్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, ఫోనున్నవాళ్లు ఇంకా ఎక్కువ. ఆటపాక పక్షులు వచ్చే ఏడూ వస్తాయి. ఈ వేసవిలో చెరువులు ఎండగట్టే రోజుల్లో ఒక్క పూట గట్టు మీదికి వెళ్లండి. వెళ్లేటప్పుడు నాలుగు జతల రక్షణ కళ్లద్దాలు కొని పట్టుకెళ్లి వాళ్లకివ్వండి. ముందు పేరు అడగండి, ఆ తర్వాత ఫొటో తీయండి. ప్రింటు వేయించి మళ్లీ వెళ్లి వాళ్ల చేతిలో పెట్టండి. ఆ మనిషి అందులో తనని తాను గుర్తుపట్టాలి.