సరకు బండి లోపలి సింగారము

మూసీనదిపై నయాపూలు దాటి అఫ్జల్‌గంజ్‌లో అడుగిడినవారికి ముందు ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములును, వెంటనే సరకు బండ్లును కనబడును. అయిదవ నిజామైన అఫ్జలుద్దౌలా ధాన్యపు వర్తకులకు ఈ చోటిచ్చుటచే దీనికి ఆయన పేరు నిలిచినది. బేగంబజారునుండియు, ఉస్మాన్‌గంజ్‌నుండియు పప్పుల మూటలు, నూనె డబ్బాలు, ఎండుమిరప బస్తాలు నగరము నలుమూలలకు చేరుట నేడు ఈ చిన్న బండ్లమీదనే. వీనిలో 2005లో టాటావారు విడుదల చేసిన ఏస్ అను బండికి జనము ‘ఛోటా హాథీ’ అని పేరు పెట్టినారు. ఏనుగన్న పిమ్మట అంబారీ లేకుండునా?

ఆ అంబారీయే నేటి మా ప్రసంగ విషయము. బండిలోనికి తొంగిచూచినచో పైకప్పుకు పూలపూల రెక్సిను, అద్దము పై అంచున జరీ కుచ్చులు, నడుమ వేంకటేశ్వరస్వామి పటమో తావీదో, చుట్టును రంగురంగుల చిట్టిదీపములు. చదువుకొన్నవారము దీనిని చూచి నవ్వుట కద్దు. మేమును నవ్వినవారమే. కాని తెల్లవారుజామున గంజికి వచ్చి రాత్రికి ఇల్లు చేరు మనిషికి పగలంతయు గడచునది ఆ నాలుగడుగుల గదిలోనే. అద్దెయింటి గోడకు మేకు కొట్టుటకు యజమాని అనుమతి వేడవలసినవానికి, తన యిష్టము వచ్చిన రంగు వేయించుకొనగల చోటు అదియొక్కటే.

మా వీధికి సామాను చేరవేయు డ్రైవరొకడు చీటీ డబ్బు చేతికి రాగానే బండి లోపలంతయు క్రొత్తగా చేయింపదలచి, మమ్ములను తోడు రమ్మన్నాడు. అఫ్జల్‌గంజ్ సమీపమున ఒక సందులో సీట్లు కుట్టు వృద్ధుని దుకాణమునకు పోయితిమి. “ఉస్తాద్, పెండ్లి పందిరి లెక్క మెరవాలె” అన్నాడు డ్రైవరు. ఉస్తాదు సీటును బొటనవ్రేలితో నొక్కి చూచి, “నడుము దినాం నొస్తదా బేటా?” అని యడిగినాడు. డ్రైవరు ఉలిక్కిపడినాడు. ఆ నొప్పి సంగతి అతడు మాకు ఎన్నడును చెప్పలేదు, ఇంటిలోను చెప్పలేదట. బండి ఆగిన దినము కూలి లేదు గదా!

పాత కవరు విప్పగా లోపలి స్పంజి కూర్చొను చోట గుంటపడి, అడుగు రేకు చేతికి తగులుచుండెను. గుంటలో కూర్చున్నవాని నడుము వంగును. దారిలోని ప్రతి గతుకుదెబ్బయు వెన్నుపూసలకు తిన్నగా తగులును. పైన పట్టు కప్పినను గుంట గుంటయే. స్పంజిని సాంద్రతను బట్టి కొనవలెను. ఘనపు మీటరు స్పంజి ఎన్ని కిలోలు తూగునో అదియే దాని ‘డెన్సిటీ’. దుకాణములో 32 అనినచో 32 కిలోలు, 40 అనినచో 40 కిలోలు. మెత్తదనము వేరు, మన్నిక వేరు. మరీ తేలికది తొలినాడు దూదివలె హాయిగానుండి కొలది నెలలలో అణగిపోవును. ఉస్తాదు బరువైన రకమునే తీసినాడు. అంతటితో నూరకొనక, వీపుదిండులో నడుము వంపు ఆనుకొనునట్లు చిన్న మెత్త చేర్చినాడు. ఎత్తు మాత్రము పెంచలేదు. సీటు ఎత్తయినచో తల కప్పుకు తగులును, కాలు పెడలుకు సరిగా అందదు.

ఇక పై కవరు. రెక్సిన్ అనునది నిజమునకు ఇంగ్లండులో మాంచెస్టరు చెంత హైడ్ అను ఊరి కంపెనీవారి వ్యాపారనామము. నాడది సెల్యులోజు నైట్రేటు పూసిన గుడ్డ. నేడు మనము అదే పేరుతో కొనునది చాలవరకు పి.వి.సి. పూత గలది. అది గాలిని చొరనీయదు. మే నెలలో చొక్కాను వీపునకు అతికించును. డ్రైవర్లు దానిపై తువ్వాలు పరచుకొనుట అందుకే. ఉస్తాదు అంచులకు రెక్సిను, కూర్చొను నడిమి భాగమునకు గట్టి నేతగుడ్డ వేసినాడు. చెమటకు నూలుదారము చివుకును గనుక పాలియెస్టరు దారము ఎక్కించినాడు. పాత కవరు ముక్కలను విడదీసి, వానినే కొలతగా పరచి, సుద్దతో గీసి, కుట్టుకు అంచు విడిచి కత్తిరించుట చూచుచుండగా మాకు గంటసేపు తెలియలేదు.

ఏస్ బండిలో ఇంజను సీటు క్రిందనే యుండును. సీటెత్తినగాని దానిని చూడ వీలులేదు. కావున ఎత్తరాకుండ కవరు బిగించుటయు, చుట్టును మందపు తివాచీ అంటించుటయు తగదు. డీజిలు పీల్చిన తివాచీ ఇంజను వేడిచెంత ఉండరాదు. చిట్టిదీపములకు లాగు తీగకు ఫ్యూజు తప్పక ఉండవలెను.

నేలమీది మ్యాటు అల్పవిషయముగా తోచును. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్‌డియాగో చెంత ఒక కారులో, వేరొక మోడలుకు చెందిన మ్యాటు ఆక్సిలరేటరును పట్టివేయగా నలుగురు మరణించిరి. మరుసటి నెలలో టొయోటా సంస్థ సుమారు 38 లక్షల వాహనముల వారికి మ్యాట్లు తీసివేయుడని చెప్పవలసి వచ్చినది. మా డ్రైవరు పాత మ్యాటుపైననే క్రొత్తది పరువబోగా ఉస్తాదు లాగివేసినాడు. డాష్‌బోర్డుపై పరచుటకు అతడు ముచ్చటపడిన తెల్లని బొచ్చుగుడ్డకును అదే గతి పట్టినది. ఎండలో దాని నీడ ముందుటద్దమున తేలి దారిని కప్పును.

3.5 టన్నులకు మించిన సరకు వాహనములు 2025 అక్టోబరు 1 నుండి తయారగునవైనచో డ్రైవరు గదికి ఏ.సి. ఉండవలెనని కేంద్రప్రభుత్వ నియమము. ఈ చిన్న బండ్లు ఆ లెక్కలోనికి రావు. వీనికి గుడ్డ సీటే ఏ.సి.

సాయంకాలమునకు పని ముగిసినది. డబ్బులో మిగిలినది స్వల్పము. డ్రైవరు కొట్టులో వ్రేలాడు జరీ కుచ్చులవైపు చూచి తల త్రిప్పుకొన్నాడు. ఉస్తాదు ఒక పొట్టి కుచ్చును తీసి, కంటికి అడ్డురాకుండ కప్పు అంచున తానే బిగించినాడు. దానికి పైకము పుచ్చుకొనలేదు. డ్రైవరు ఉస్మాన్‌గంజ్ వరకు నడిపి వచ్చి, నవ్వుచు దిగినాడు. “పందిరి ఇంత చిన్నగైంది సార్” అన్నాడు. నడుము సంగతి యడిగితిమి. “నెలైనంక చెప్త” అన్నాడు.

ఆ నెల ఇంకను గడువలేదు.