బోధకుని చిట్టా, పక్షము పెట్టె
(సంఘ సభ్యుల నెలవారీ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, తండ్రిగారి దుకాణములో గల్లాపెట్టె ముందు కూర్చున్నవారము. అమెరికా దేశపు టెలివిజను బోధకులకును, అచటి సంప్రదాయపక్ష రాజకీయములకును గల సంబంధమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. మతవిచారణ మాకు చేతకాదని మనవి చేసితిమి. తెలిసిన జమాఖర్చు భాషలోనే చెప్పుమని వారు సెలవిచ్చిరి. కావున ఆ బోధకుల చిట్టానే మీ ముందు విప్పెదము. దానితో మనకేమి పని అను ప్రశ్నకు కడపట సమాధానము చెప్పెదము.

మొదట పెట్టుబడి సంగతి. పూర్వము అమెరికాలో ప్రసార కేంద్రములు మత కార్యక్రమములకు కొంత కాలమును ఉచితముగా ఇచ్చుచుండెను. అది ప్రజాసేవ క్రింద లెక్కకు వచ్చెడిది. ఆ కాలము చాలవరకు పెద్ద చర్చీలకే దక్కెడిది. 1960లో అచటి ప్రసార నియంత్రణ సంఘము, వెల పుచ్చుకొని ఇచ్చిన కాలమును సైతము ప్రజాసేవగా చూపుకొనవచ్చునని నిర్ణయించెను. అమ్మదగిన సరుకును ఊరక పంచు వర్తకుడెవడు? నాటినుండి కాలమును కొనగలిగిన బోధకుడు నిలిచెను, కొనలేనివాడు తెర మరుగయ్యెను. కొనుటకు సొమ్ము కావలెను. ఆ సొమ్ము ప్రేక్షకులనుండియే రావలెను.

వర్జీనియా రాష్ట్రమందలి పోర్ట్స్‌మత్ పట్టణమున పాట్ రాబర్ట్‌సన్ అనువారు ఒక చిన్న టెలివిజను కేంద్రమును కొని, 1961లో ప్రసారము ప్రారంభించిరి. నెల ఖర్చు 7,000 డాలర్లు. నెలకు 10 డాలర్ల వంతున ఇచ్చు 700 మంది కావలెనని 1963లో ప్రేక్షకులను వేడుకొనిరి. వారి ప్రసిద్ధ కార్యక్రమమునకు "700 క్లబ్" అను పేరు ఆ లెక్కనుండియే వచ్చినది. అదే రాష్ట్రమున లించ్‌బర్గులో జెర్రీ ఫాల్వెల్ 1956లో చర్చి స్థాపించి, ఆ ఏడే రేడియోలోను, టెలివిజనులోను బోధింప మొదలిడిరి.

అయ్యలారా, ఇచట ఒక మర్మము గమనింపుడు. పది డాలర్లు వచ్చిన నెలలోనే ఖర్చగును. దానితోపాటు వచ్చిన చిరునామా మాత్రము చిట్టాలో నిలిచిపోవును. ఏ ఊరిలో ఎవరు, దేనికి కలతపడి చందా పంపుదురో తెలిసిన చిట్టా, వోట్ల బేరమునకు దిగువానికి బంగారు గని.

1965లో ఫాల్వెల్‌గారు నల్లజాతివారి హక్కులకై ఊరేగింపులు నడిపిన బోధకులను విమర్శించుచు, బోధకుని పని ఆత్మలను రక్షించుటయే కాని రాజకీయము కాదని ప్రసంగించిరి. పదునాలుగేండ్లకు, 1979లో, వారే "మోరల్ మెజారిటీ" అను రాజకీయ సంఘమును స్థాపించిరి. ఈ నడుమ జరిగినదేమి? పాఠశాలలు ఏర్పాటు చేయు ప్రార్థనలను అచటి సుప్రీంకోర్టు 1962లో నిషేధించెను. 1973లో గర్భస్రావమును హక్కుగా గుర్తించెను. వర్ణభేదము పాటించిన ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయమునకు 1976లో పన్ను మినహాయింపు రద్దయ్యెను. తమ యింటి ధర్మమును ప్రభుత్వము తలక్రిందులు చేయుచున్నదని లక్షలాది కుటుంబములు తలచినవి. వర్ణభేదమును కాపాడుకొన జూచుట అన్యాయమే. అయినను ఆ కుటుంబములవారందరును మోసపోయిన మూఢులని మేమనము. తన విశ్వాసము ననుసరించి వోటు వేయుట ఎవరికైనను హక్కే. మార్టిన్ లూథర్ కింగ్‌గారు సైతము బోధకులే కదా!

1980 ఆగస్టులో రోనాల్డ్ రీగన్ డల్లాస్ నగరమునకు పోయి వేలాది సువార్తికుల సభలో నిలిచి, తన సమ్మతి వారికే యని పలికిరి. నవంబరులో 44 రాష్ట్రములు గెలిచిరి. ఆ గెలుపునకు ధరల పెరుగుదల, ఇరానులో బందీల వ్యవహారము మొదలగు కారణములును కలవు. కాని బేరము మాత్రము కుదిరినది. 1988లో రాబర్ట్‌సన్‌గారు తామే అధ్యక్ష పదవికి అభ్యర్థియై, అయోవా రాష్ట్రమున రిపబ్లికన్ పక్షపు తొలి పోటీలో జార్జి బుష్‌ను వెనుకకు నెట్టి రెండవ స్థానమున నిలిచిరి. పిమ్మట ఓడిపోయినను, ఆ ప్రచారమున చేకూరిన పేర్ల పట్టికతో 1989లో "క్రిస్టియన్ కొయలిషన్" స్థాపించిరి. ఎన్నికలముందు చర్చీలలో అభ్యర్థుల తారతమ్య పత్రములు పంచుట దాని పద్ధతి. 1994లో రిపబ్లికనులు నలుబదేండ్ల తరువాత ప్రతినిధుల సభను గెలిచినపుడు ఆ పత్రముల పాత్ర కొంత కలదు.

ఇక రాబడి. పాఠశాల ప్రార్థనలకై తెచ్చిన రాజ్యాంగ సవరణ 1984లో సెనేటులోనే వీగిపోయెను. గర్భస్రావ హక్కును సుప్రీంకోర్టు కొట్టివేసినది 2022లో. 1980లో వోట్లరూపమున బజానా ఇచ్చినవారికి సరుకు చేరుటకు నలుబదిరెండేండ్లు పట్టినది! ఈలోగా బోధకులు ఆ అంగడిని విడిచి రాలేకపోయిరి. ఒకే కొనుగోలుదారునికి అలవాటుపడిన రైతువలె, వాడు చెప్పిన ధరకే తల యూపవలసి వచ్చెను. 2017లో డొనాల్డ్ ట్రంపు ప్రమాణ స్వీకార సభయందు ప్రార్థన చేసినవారిలో టెలివిజను బోధకురాలు పౌలా వైట్ ఒకరు. 2025లో ఆమెకు అధ్యక్ష భవనమందలి మత విషయక కార్యాలయమున పెద్ద పదవి లభించెను. ఎవరు ఎవరిని కొనిరో చెప్పుట కష్టము.

బిల్లీ గ్రాహం మహా సభలలోను, టెలివిజనులోను బోధించినవారు, అధ్యక్షుడు నిక్సనునకు ఆప్తులు. వాటర్‌గేట్ వ్యవహారమున నిక్సను పతనము చూచిన పిదప వారు పక్ష రాజకీయములనుండి వెనుకకు తగ్గిరి. మోరల్ మెజారిటీలో చేరలేదు. 2011లో, తొంబదిరెండేండ్ల వయస్సున, రాజకీయములకు మరింత దూరముగా నుండవలసినదని బహిరంగముగా చెప్పుకొనిరి. ఈ చిట్టా అంతటిలో మాకు మిక్కిలి విలువైన పద్దు అదియే.

ఇక మన సంగతి. గడచిన ఎన్నికలముందు ఒక పక్షపు ప్రముఖులు మన సభ్యుల పట్టిక, చిరునామాలతో సహా, ఇమ్మని అడిగిరి. బదులుగా మన పిల్లల బడికి తెలుగు పంతులును వేయింతుమనిరి. మేము ఇయ్యలేదు. బడిలో తెలుగు పీరియడు నేటికిని ఖాళీగానే యున్నది. కొందరు మిత్రులు మాపై కోపించియున్నారు. ఆ కోపము అన్యాయమని మేమనలేము. మా పిల్లవాడును ఆ బడిలోనే చదువుచున్నాడు.

అయినను మా మనవి యిది. సభ్యులు చందా కట్టినది సంఘమునకు, పక్షమునకు కాదు. పంతులు కావలెనని అన్ని పక్షములను, పదిమంది యెదుట, వ్రాతమూలకముగా అడుగుదము. ఎవరి వోటు వారి యిష్టము. పట్టిక మాత్రము సంఘపు పెట్టెలోనే ఉండవలెను. ఒకసారి చేయి దాటిన చిట్టా మరల చేతికి రాదు. రాబోవు సభయందు దీనిని తీర్మానముగా ప్రతిపాదింతుము. సమ్మతింతురో, త్రోసిపుత్తురో, మీ చిత్తము.

సెలవు.