కంప్యూటరు సాహిత్యము – దాని యాయువు



సంస్కృతము చెప్పుకొని బ్రతికిన పంతులు కంప్యూటరు సాహిత్యమును గూర్చి యుపన్యసించుటయా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని యీ విషయము మనకు బొత్తిగా క్రొత్తది గాదు. భారవి కిరాతార్జునీయము 15వ సర్గమున సర్వతోభద్రబంధము గలదు. అడ్డముగా చదివినను, నిలువుగా చదివినను అదే శ్లోకము వచ్చును. పింగళి సూరన రాఘవపాండవీయమున పదములను విఱుచు తీరునుబట్టి యొకే పద్యము రామకథయు భారతకథయు నగుచున్నది. చదువరి త్రోవ మార్చిన కథయు మాఱవలెనను కోరిక కవులకు చిరకాలముగా నున్నదే.

ఆ కోరికకు యంత్రము తోడయ్యెను. 1952లో క్రిస్టఫర్ స్ట్రేచీ యను నాంగ్లేయుడు మాంచెస్టరు విశ్వవిద్యాలయపు కంప్యూటరుచేత ప్రేమలేఖలు వ్రాయించెను. పట్టికలలోని పదములను యంత్రమే యేఱి వాక్యములుగ కూర్చెను. అమెరికా దేశీయుడగు మైకేల్ జాయిస్ రచించిన ‘ఆఫ్టర్‌నూన్’ అను కథ 1990లో ఫ్లాపీపై ప్రకటితమయ్యెను. చదువరి తెఱపై నెన్నుకొన్న పదమునుబట్టి యా కథ దారి మాఱును. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్బు వ్యాపించిన పిదప నిట్టి రచనలు దేశదేశముల కందుబాటయ్యెను. చిత్రము, ధ్వని, చలనము వానితో చేరెను.

అయితే యొక యాపద గలదు. అనేకులు ‘ఫ్లాష్’ అను సాధనముతో కావ్యములు నిర్మించిరి. 2020 డిసెంబరు 31తో దాని యజమానులు ఆ సాధనమునకు పోషణము మానిరి. ఎన్నియో కావ్యములు మూగవోయెను. ‘రఫుల్’ వంటి క్రొత్త సాధనములు వానిలో కొన్నింటిని మరల పలికించుచున్నవి. తాటియాకు చెడిన నక్షరము చెడును. ఇచట నక్షరము చెడకున్నను, చదివించు సాధనము పోయిన గ్రంథమే పోవును.

ఈ కష్టము నేనును ఎఱుగుదును. పాతికేండ్ల క్రిందట మా తండ్రిగారి శతకమును ఫ్లాపీ కెక్కించి, చెదలు తిన్న వ్రాతప్రతిని పాఱవైచితిని. నాటి ఫాంటు నేడు దొఱకదు. తెఱపై పద్యములకు మాఱుగా అర్థములేని గుఱుతులు కనబడుచున్నవి. తప్పు నాదే.

పూర్వులు తరతరమునకును తిరిగి వ్రాసి తాళపత్రముల నిలిపిరి. మనమును అట్లే చేయవలెను. 1991 నుండి యూనికోడునందు తెలుగునకు స్థానము గలదు. అందే వ్రాయుడు. ప్రతిని మూడుచోట్ల నుంచుడు. సాధనము మాఱినప్పుడెల్ల క్రొత్తదానికి తరలింపుడు. కాగితపు ప్రతిని మాత్రము పాఱవేయకుడు.

దాతలారా! మన వసతిగృహ విద్యార్థులలో నిద్దఱకు వేతనమిచ్చి యీ విద్య నేర్పింపుడు. మన యిండ్లలోని వ్రాతప్రతులు వారిచేత నిలుచును. రేపు వారే తెలుగున యంత్రకావ్యములు రచించినచో, వానికిని ఆయువుండును.