ఆటస్థలము నుండి కళాశాలకు



ఫుట్‌బాల్ ఆడు కుమార్తెను ఆ ఆట మూలముననే కళాశాలలో చేర్పించుటకు తలిదండ్రులు చేయదగిన సహాయ మెట్టిదన్నది నేటి ప్రసంగవిషయము. ఆడపిల్ల చదువు, ఉద్యోగము, వివాహము అను మూడింటిని గూర్చి తెలుగువారి సభలలో ఎన్నియో ప్రసంగములు జరిగినవి. ఆడపిల్ల ఆటను గూర్చి జరిగినవి అరుదు. కాని ఢిల్లీ నగరమందలి ప్రభుత్వోద్యోగుల కాలనీలలో సాయంకాలము మైదానమున బంతి వెంట పరుగిడు బాలికలు నేడు కానవచ్చుచున్నారు. వారిలో తెలుగు పిల్లలును కలరు. పదునైదు పదునారేండ్లు నిండగానే వారిలో పెక్కురు ఆ మైదానమును విడిచిపెట్టుచున్నారు. దానికి కారణము సాధారణముగా వారి అశక్తత కాదు, ఇంటివారి నిర్ణయము.

ఫుట్‌బాల్ తెలుగు దేశమునకు కొత్త విద్య కాదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టునకును శిక్షకుడై, 1951లో ఈ ఢిల్లీ నగరమందే జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌పై 1–0 గోలుతో స్వర్ణపతకమును తెచ్చెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మరల స్వర్ణము సాధించెను. మరుసటి యేడే రహీమ్ కన్నుమూసెను. ఈ పేర్లను గౌరవముతో తలచుకొను ఇండ్లలోనే, కుమార్తె ఒక జత బూట్లు అడిగినచో, “నీకెందుకమ్మా ఆ ఆట?” అను ప్రశ్న ఎదురగుచున్నది.

ఈ ప్రశ్న ఇచ్చటనే పుట్టినది కాదు. ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనే అచటి సంఘము 1921లో తన మైదానములను స్త్రీలకు నిషేధించెను. అర్ధశతాబ్దము వరకు ఆ నిషేధము తొలగలేదు. భారతీయ మహిళలు మాత్రము 1980లో కోళిక్కోడునందును, 1983లో బ్యాంకాకునందును జరిగిన ఆసియా పోటీలలో రెండవ స్థానమును పొందిరి. తరువాత ఆదరణ కొరవడి ఆ వెలుగు చాలకాలము మసకబారెను. 2025 జూలైలో థాయిలాండును దాని గడ్డపైననే 2–1తో గెలిచి, 2026 ఆసియా కప్పునకు భారత మహిళలు అర్హత సంపాదించుటతో ఆ వెలుగు మరల కానవచ్చెను. ఈ తరమువారిలో నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య ఒకతె. ఆమె 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ సంఘమున చేరెను. 2024–25 సంవత్సరమునకు భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారి ఉత్తమ క్రీడాకారిణి పురస్కారమును అందుకొనెను. వ్యవసాయ కుటుంబపు బాలికకు సాధ్యమైనది, మైదానమును పాఠశాలయు సమీపముననే గల ఉద్యోగి కుమార్తెకు అసాధ్య మనుకొనుటకు కారణము లేదు.

అయితే ప్రతి బాలికయు దేశమునకు ఆడదు. ఆడవలసిన పనియు లేదు. ఆట ఆమెకు మంచి కళాశాల తలుపు తెరచినను చాలును. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఈ తలుపు చట్టబద్ధముగనే కలదు. ప్రతి కళాశాలయు తన సాధారణ స్థానములకు అదనముగా, మొత్తము ప్రవేశములలో నూటికి అయిదింటికి మించకుండ, క్రీడలకును ఇతర కళలకును కలిపి కొన్ని స్థానములు ప్రత్యేకించును. 2022 నుండి ఈ మార్గమున వచ్చువారును కేంద్ర ప్రవేశ పరీక్ష వ్రాయవలసినదే. యోగ్యతాక్రమము నిర్ణయించునపుడు ఆ పరీక్షకు నాలుగింట ఒక వంతును, క్రీడాపత్రములకును మైదాన పరీక్షకును కలిపి మూడు వంతులును విలువ ఇత్తురు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ వంటి పెద్దల పూనికతోను, తిరుమల తిరుపతి దేవస్థానముల ద్రవ్యముతోను 1961లో వెలసిన శ్రీ వెంకటేశ్వర కళాశాలయు ఈ విశ్వవిద్యాలయపు అంగమే. ఏ కళాశాల ఏ యేట ఏ ఆటకు ఎందరు బాలికలను తీసికొనునో ఆ యేటి ప్రకటనలో చూచుకొనవలెను. పాత వివరములపై ఆధారపడుట ప్రమాదకరము.

ఇచ్చట తలిదండ్రులు తప్పక గమనింపవలసిన సంగతి యొకటి కలదు. విశ్వవిద్యాలయము లెక్కలోనికి తీసికొను పత్రములు ప్రవేశమునకు ముందటి మూడేండ్లవి మాత్రమే. పన్నెండవ తరగతి ముగిసిన బాలికకు ఆ మూడేండ్లు ఏవి? పది, పదునొకండు, పన్నెండు తరగతుల కాలమే. అనగా, “బోర్డు పరీక్ష వచ్చినది, ఈ యేడు బంతి అటకమీద పెట్టుము” అని తల్లి చెప్పు సంవత్సరమే ఆ మూడింటిలో మొదటిది. ఇంకొక యేడు పన్నెండవ తరగతి పేర పోవును. మిగిలిన ఒక్క యేటి ఆటతో జూలై నెలలో మైదాన పరీక్షకు నిలిచిన బాలిక ఓడినచో దోషము ఆమెది కాదు. చదువునకై ఆటను మాన్పించితిమని తలిదండ్రులు తలంతురు. నిజమునకు ఆ చదువునకు దారితీయు ఒక బాటనే మూసివేసినవా రగుదురు. సాయంకాలము గంటన్నర ఆటకును, ఉదయము రెండు గంటలు పుస్తకమునకును కేటాయించిన ఇంట రెండును సాగును.

ఏ పోటీలలో ఆడవలెనన్నది తరువాతి ప్రశ్న. పత్రములన్నిటికిని సమాన విలువ లేదు. అంతర్జాతీయ, జాతీయ, రాష్ట్రస్థాయి పోటీలకు వేరువేరుగా మార్కులుండును. పాల్గొనుటకంటె స్థానము పొందుటకు ఎక్కువ. ఆహ్వాన పోటీలు, స్మారక పోటీలు మున్నగువాటిని సాధారణముగా లెక్కింపరు. కావున మెరుగు పెట్టిన కప్పులతో అలమార నిండినంత మాత్రమున లాభము లేదు. పాఠశాల క్రీడా సమాఖ్యవారి జాతీయ పోటీలు ముఖ్యమైనవి. కేంద్రీయ విద్యాలయ సంఘటన్ ఆ పోటీలలో ఒక రాష్ట్రమువలెనే ప్రత్యేక జట్టుతో పాల్గొనును. ఉద్యోగుల పిల్లలలో పెక్కురు ఆ పాఠశాలలలోనే చదువుదురు గనుక ఇది వారికి మేలైన అవకాశము. వైమానిక దళాధిపతి సుబ్రతో ముఖర్జీ పేర 1960 నుండి జరుగు పాఠశాలల పోటీలలో 2012 నుండి బాలికల విభాగము కూడ చేరినది. ఏ పోటీపత్రమునకు ఏ విలువయో ప్రకటనలోని పట్టికతో సరిచూచుకొనవలెను.

ప్రభుత్వోద్యోగి ఇంటికి బదిలీ అను చిక్కు కలదు. ఒక గృహమును ఊహించుకొనుడు. రామకృష్ణాపురము క్వార్టర్సులో ఉండు తండ్రికి, కుమార్తె పదునొకండవ తరగతిలో ఉండగా, విశాఖపట్టణమునకు ఆజ్ఞ వచ్చును. “నాన్నగారూ, నా జట్టు ఏమగును?” అని ఆ పిల్ల అడుగును. “జట్టు ఎక్కడైనను దొరకునమ్మా” అనుట సులభము. కాని ఎంపిక పోటీల తేదీలు, జట్టులో నిలకడ, శిక్షకుని పరిచయము — ఇవన్నియు ఒక్కసారిగ తెగిపోవును. అట్టి తండ్రి చేయదగిన పనులు లేకపోలేదు. పిల్లల చదువు నిమిత్తము క్వార్టరును కొంతకాలము నిలుపుకొను వెసులుబాటు నియమములలో కలదు. దానిని మొదట విచారింపవలెను. వెళ్ళక తప్పనిచో అచటి కేంద్రీయ విద్యాలయమున చేర్చినపుడు ఆమె ఆ సంస్థ ఛత్రము క్రిందనే ఉండును. అన్నిటికంటె ముఖ్యముగా, నిర్ణయమునకు ముందు ఆ పిల్లను కూర్చుండబెట్టి మాటలాడవలెను. పెట్టెలు కట్టిన తరువాత చెప్పిన మాట ఓదార్పు కాజాలదు.

ఆరోగ్యవిషయమున తల్లి శ్రద్ధ శిక్షకుని శ్రద్ధకంటె మిన్న. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల లోపు బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. ఆటలో త్వరగా అలసిపోవు పిల్లను “ఓపిక లేనిది” అని తీసివేయుటకు ముందు రక్తపరీక్ష చేయించుట మేలు. మోకాలి లోపలి బంధనము తెగుట బాలురకంటె బాలికలకు ఎక్కువగా సంభవించును. ఇరువది నిమిషముల క్రమబద్ధమైన సన్నాహ వ్యాయామముతో ఇట్టి గాయములు చాలవరకు తగ్గునని తేలినది. అంతర్జాతీయ సమాఖ్య రూపొందించిన ఆ వ్యాయామములను జట్టుచే చేయించుచున్నారా లేదా అని శిక్షకుని అడుగుట తలిదండ్రుల హక్కు. ఢిల్లీ శీతకాలమున గాలి విషతుల్యమైన దినములలో బయటి ఆటను మాని, ఇంటిలోనే బలవర్ధక వ్యాయామము చేయించవలెను. ఋతుదినముల బాధను దాచుకొనక చెప్పగలిగిన పిల్లయే దీర్ఘకాలము ఆడగలదు. పొరుగూరి పోటీలకు పంపునపుడు వెంట స్త్రీ పర్యవేక్షకురాలు కలదా, బస ఎచ్చట, రాకపోకలు ఎట్లు అని అడుగుటకు మొగమోటపడరాదు.

ద్రవ్యవిషయము క్లుప్తముగ చెప్పదగును. ఉద్యోగులకు లభించు పిల్లల విద్యాభత్యము పన్నెండవ తరగతితో ఆగును. కళాశాల వ్యయమునకు ముందే దాచుకొనవలెను. ఖేలో ఇండియా పథకమున ఎంపికైనవారికి నెలకు 10,000 రూపాయల భృతి లభించును. కొందరు అమెరికా వైపు చూచుచున్నారు. అచట 1972 నాటి చట్టము స్త్రీలకు విద్యాసంస్థలలో సమానత్వము కల్పించినందున బాలికల ఫుట్‌బాల్ విశేషముగా వర్ధిల్లినది. శిక్షకులే పిల్లలను వెదకి ఎన్నుకొందురు. అచటి మొదటి శ్రేణి కళాశాలలు క్రీడావేతనము ఇయ్యగలవు. మూడవ శ్రేణివి ఇయ్యవు. ఈ భేదము తెలియకమునుపే మధ్యవర్తులకు రుసుము చెల్లించుట అవివేకము. ఆట యొక్క నిజమైన దృశ్యచిత్రమును, చక్కని మార్కుల పత్రమును, శిక్షకునికి పిల్ల తన మాటలతో వ్రాసిన లేఖను ఏ మధ్యవర్తియు మించలేడు.

ఇక పిల్ల చేయవలసిన పనిని తలిదండ్రులు చేయరాదు. పత్రములను తేదీల వరుసన భద్రపరచుట, ప్రతులు తీయించుట, ప్రకటనను చదివి గడువులు గుర్తుంచుకొనుట పెద్దల పని. గట్టునుండి అరచి ఆడించుట పెద్దల పని కాదు. ఏ స్థానమున ఆడవలెనో శిక్షకుడు చెప్పును. ఏ కళాశాల కోరవలెనో, ఏ విషయము చదువవలెనో పిల్ల చెప్పవలెను. క్రీడాస్థానము పొందిన విద్యార్థిని చదువు ముగియువరకు కళాశాల జట్టులోను, విశ్వవిద్యాలయ జట్టులోను ఆడుదునని నూరు రూపాయల స్టాంపు కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. ఆ మూడు నాలుగేండ్లు మైదానమున నిలుచునది ఆమెయే. తండ్రి కోరిక తీర్చుటకై వ్రాసిన హామీ ఆమెకు బరువగును. తన కోరికతో వ్రాసినది బలమగును. మార్కుల ఆశతో తప్పుడు పత్రము తెచ్చు పనికి ఎవ్వరును పూనుకొనరాదు. అది బయటపడిన నాడు ప్రవేశము రద్దగును, ఆడపిల్ల పేరు చెడును.

ఇంత చేసినను స్థానము దొరకకపోవచ్చును. స్థానములు కొద్ది, కోరువారు పెక్కురు. అందుచేత పరీక్షా మార్కులపై సాధారణ ప్రవేశమునకును అదే సమయమున సిద్ధపడి ఉండవలెను. ఎంపిక కాని బాలికయు ఓడినది కాదు. మూడేండ్లు క్రమము తప్పక లేచినది, దెబ్బ తగిలిన పిదప మరల నిలిచినది, పదిమందితో కలిసి గెలుపోటములు పంచుకొన్నది. ఆ శిక్షణ ఏ కళాశాలలోనైనను, ఏ కార్యాలయములోనైనను అక్కరకు వచ్చును.

ఈ సభకు విచ్చేసిన ప్రతి తల్లికిని, తండ్రికిని ఒక్క విన్నపము. వచ్చు యేడు పదవ తరగతికి వచ్చు కుమార్తె మీ యింట ఉన్నచో, ఆమె బూట్లను అటకమీద పెట్టకుడు. పుస్తకముల సంచి ప్రక్కనే వానికి చోటియ్యుడు.