ఫ్రం ముందా, నుండి వెనుకా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరం నుండి 1 నుండి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. అంతవరకు తెలుగులో చదివిన పిల్లలు లెక్కలు సైతం ఇంగ్లీషులో చేయవలసి వచ్చింది. సాయంత్రాలు మా వీధి పిల్లలకు పాఠం చెబుతుంటాను గనుక వారి అవస్థ చూస్తున్నాను.

ఆరవ తరగతి పిల్లకు ‘సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రం ఎయిట్’ అని లెక్క ఇచ్చారు. ఐదులోంచి ఎనిమిది తీయబోయి, ‘పోవటం లేదు తాతగారూ’ అంది. తీసివేత రాక కాదు. మన ‘నుండి’ అంకెకు వెనుక చేరుతుంది; వారి ‘ఫ్రం’ అంకెకు ముందు నిలుస్తుంది. ఆ పిల్ల ‘ఫైవ్ ఫ్రం’ రెంటినీ కలిపి ‘ఐదు నుండి’ అని చదువుకుంది. తెలుగు బిడ్డ అలా చదవడంలో వింతేముంది? ‘ఫ్రం ఎయిట్’ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టించి, దాన్ని ‘ఎనిమిది నుండి’ అని చదివించాను. మూడు అని వెంటనే చెప్పింది. ఈ సంగతి చెప్పకుండా ‘ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద’ అని పట్టిక బట్టీ పట్టిస్తే మార్కులు పోయేది ఇంగ్లీషులోనే కాదు, లెక్కల్లోనూ.

పట్టికతో మరో చిక్కు. మన ‘కు’ ఒక్కటే. బడికి అంటే ‘టు’, ఆరు గంటలకు అంటే ‘ఎట్’, పండుగకు కొన్న చొక్కా అంటే ‘ఫర్’. ‘ఇంటికి వెళ్ళాను’ అనడానికి ఏదీ అక్కరలేదు, ‘వెంట్ హోమ్’ చాలు. కనుక వాక్యం వాక్యంగానే నేర్పాలి.

‘బై’కి, ‘టు’కి తేడా మనకంటె బాగా ఎవరు చెప్పగలరు? 2024 జనవరి 1 నుండి కేంద్ర పెన్షనర్ల డి.ఆర్. 46 నుండి 50 శాతమైంది. ‘బై ఫోర్’ అన్నా, ‘టు ఫిఫ్టీ’ అన్నా ఒకటే. ‘టు ఫోర్’ అన్నారంటే మాత్రం మన ఇంట పొయ్యి వెలగదు! పిల్లలు నవ్వారు, మరిచిపోలేదు. నోటీసుల్లో ‘30వ తేదీ లోగా’ అంటే ‘బై’, ‘30వ తేదీ వరకు’ అంటే ‘టిల్’ అని కూడా అలాగే చెప్పాను.

జూన్‌లో బడులు తెరిచేలోగా మన సభ్యులు ఇద్దరు ముందుకు వస్తే లెక్కల పిల్లలను వేరుగా కూర్చోబెట్టవచ్చు. బల్లలున్నాయి. నల్లబల్ల ఒకటి కావాలి.