పేటెంటు హక్కు, ఫారం 27



భిలాయి ఉక్కు నగరంలో చదువుకుంటున్న మీకు పేటెంటు అనే మాట కొత్తది కాదు. కొత్తగా ఏదైనా కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇరవై ఏళ్లపాటు ఇచ్చే ప్రత్యేక హక్కు అని పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఆ హక్కు చేతికి వచ్చిన తర్వాత యజమాని ఏం చేయాలి? చేయకపోతే చట్టం ఏం చేస్తుంది? ఈ భాగం మీద పాఠ్యపుస్తకాలు ఎక్కువ మాట్లాడవు. ఈ రోజు మనం దాని గురించే తెలుసుకుందాం.

ముందుగా 1959వ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఆ ఏడాది ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మీ ఊళ్లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల యంత్రాలతోపాటు వాటిని నడిపే విద్య కూడా వచ్చింది. మీలో కొందరి తాతగార్లు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, కొలిమి పక్కనే నిలబడి ఆ పని నేర్చుకున్నవారే అయి ఉంటారు.

అదే 1959 సెప్టెంబరులో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ పేటెంటు చట్టంపై ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. మన దేశంలోని పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవేననీ, వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ అసలు వినియోగంలోనే లేవనీ అందులో ఉంది. అంటే వస్తువు ఇక్కడ తయారు కాదు, మరొకరు తయారుచేయడానికీ వీల్లేదు. భిలాయిలో విద్య కొలిమి దగ్గరకు వచ్చింది. మందుల విషయంలో మాత్రం అది కాగితం మీదే ఆగిపోయింది. ఆ నివేదిక పునాదిగా 1970లో కొత్త చట్టం వచ్చింది. మందుకు పేటెంటు ఉండదు, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంటుంది అన్నది అందులోని కీలకం. హైదరాబాదు చుట్టుపక్కల మందుల పరిశ్రమ ఎదగడానికి ఇది పెద్ద కారణం.

1995లో మనం ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాం. ట్రిప్స్ ఒప్పందానికి అనుగుణంగా 1999, 2002, 2005లలో చట్టాన్ని మార్చుకున్నాం. 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు దొరుకుతోంది. అయితే పార్లమెంటు కొన్ని తలుపులు తెరిచే ఉంచింది. వాటిలో ముఖ్యమైనది సెక్షన్ 84. పేటెంటు ఇచ్చి మూడేళ్లు గడిచాక, ప్రజల అవసరం తీరకపోయినా, ధర అందుబాటులో లేకపోయినా, ఆ ఆవిష్కరణ మన దేశంలో వినియోగంలోకి రాకపోయినా, మరొకరు లైసెన్సు అడగవచ్చు. యజమానికి ఇష్టం లేకపోయినా ఇస్తారు కాబట్టి దీనిని తప్పనిసరి లైసెన్సు అంటారు. మూడు కారణాల్లో ఒక్కటి రుజువైతే చాలు.

ఈ తలుపు తట్టినది హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ అనే మందుకు జర్మనీ కంపెనీ బేయర్ 2008 మార్చిలో ఇక్కడ పేటెంటు పొందింది. నెక్సావర్ పేరుతో అమ్మిన ఆ మందు నెలకు 2,80,428 రూపాయలు. నాట్కో 8,880 రూపాయలకే ఇస్తానంది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ లైసెన్సు మంజూరు చేశారు. అమ్మకాలపై 6 శాతం రాయల్టీ బేయర్‌కు చెల్లించాలి, ఏటా కనీసం 600 మంది పేద రోగులకు మందు ఉచితంగా ఇవ్వాలి అని షరతులు పెట్టారు. అప్పీలులో రాయల్టీ 7 శాతమైంది. 2014 జూలైలో బొంబాయి హైకోర్టు లైసెన్సును సమర్థించింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

విచారణలో బేయర్ ఒక చిత్రమైన వాదన చేసింది. సిప్లా కంపెనీ కూడా ఇదే మందును తక్కువ ధరకు అమ్ముతోంది కదా, ప్రజల అవసరం తీరుతోంది కదా అంది. ఆ సిప్లా మీద పేటెంటు ఉల్లంఘన కేసు వేసింది బేయరే! అవసరం తీర్చవలసిన బాధ్యత పేటెంటుదారుడిది, అతను కోర్టుకీడ్చిన పోటీదారుడిది కాదు అని తేల్చారు.

కేసులో బలమైన సాక్ష్యం ఎక్కడినుంచి వచ్చింది? ఫారం 27 నుంచి. ఏటా ఎంత సరుకు తయారుచేశారు, ఎంత దిగుమతి చేసుకున్నారు అని పేటెంటుదారుడు స్వయంగా నింపి ఇచ్చే కాగితం అది. 2008లో దిగుమతి లేదనీ, తర్వాతి రెండేళ్లలో చాలా స్వల్పమనీ బేయర్ ఇచ్చిన లెక్కలే చెప్పాయి.

ఇటీవలి మార్పులను ఇక్కడినుంచి చూడండి. 2020లో ఫారం 27 నుంచి పరిమాణాల లెక్క తొలగించారు. 2024 మార్చి 15న వచ్చిన నిబంధనలతో ఈ వివరాలు ఏటా కాక మూడేళ్లకు ఒకసారి ఇస్తే సరిపోతుంది. ఒకే వస్తువులో పలు పేటెంట్లు ఉంటాయి, ఏ పేటెంటుకు ఎంత అని విడదీయడం కష్టం అన్న కంపెనీల ఇబ్బందిలో నిజం లేకపోలేదు. కానీ పరిమాణం లెక్క లేని కాగితంతో 2012 నాటి కేసును నిరూపించడం చాలా కష్టమయ్యేది. నా దృష్టిలో ఇది చిన్న సవరణ కాదు.

తప్పనిసరి లైసెన్సు మన దేశంలో ఇప్పటికి ఆ ఒక్కటే. డసాటినిబ్ కోసం వచ్చిన దరఖాస్తును 2013లోనూ, సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదుకు చెందిన లీ ఫార్మా పెట్టుకున్నదాన్ని 2016లోనూ తిరస్కరించారు. అందుకే కంపెనీలు మరో దారి తొక్కుతున్నాయి. పేటెంటే చెల్లదని వాదించడం ఆ దారి. ఎస్.ఎం.ఎ. అనే కండరాల జబ్బుతో పుట్టే పిల్లలకు వాడే రిస్డిప్లామ్ విషయంలో రోష్, నాట్కోల మధ్య ఇదే జరిగింది. ముందున్న పేటెంటులోనే ఈ అణువుకు దారి కనిపిస్తోందని నాట్కో వాదించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర నిషేధం ఇవ్వలేదు. అక్టోబరులో డివిజన్ బెంచ్ అప్పీలును కొట్టివేసింది, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఒక్కో సీసా సుమారు 6 లక్షల రూపాయలున్న మందును నాట్కో 15,900 రూపాయలకు విడుదల చేసింది. ఇది మధ్యంతర దశలోని తీర్పు మాత్రమేనని గుర్తుంచుకోండి. పేటెంటు చెల్లుతుందా లేదా అన్నది ఆ ఉత్తర్వులతో తేలలేదు.

మీలో ఎవరైనా రేపు ఏదైనా కనిపెడితే, 2021 సవరణ వల్ల మీ కళాశాల పేరుతో పెట్టే దరఖాస్తుకు రుసుములో 80 శాతం తగ్గింపు ఉంది. పేటెంటు వచ్చాక మూడేళ్లకొకసారి ఫారం 27 మీరూ నింపాలి.